వెన్స్‌డేకి చప్పట్లు రెండా, మూడా?

పలకబలపం: మావాడు రెండో తరగతి. ఇంగ్లిష్ పరీక్షలో మాటకెన్ని సిలబుల్సో చప్పట్లు కొట్టి చెప్పాలట. బుధవారానికి మూడు కొట్టాడు, వెడ్-నెస్-డే అని. టీచరుగారు మార్కు కోసేశారు. ఇంట్లో నేర్పింది నేనే. ఎవరు రైటు?

గగం: టీచరే రైటండి. వెన్జ్-డే. మొదటి డి పలకరు. ఛందస్సులో చెప్పాలంటే రెండు గురువులు, గగం. మీవాడు కొట్టింది మూడు గురువుల మగణం.

పలకబలపం: బ్రిటన్‌లో కొందరు డి పలుకుతారని డిక్షనరీలోనే ఉంది. చూసే మాట్లాడుతున్నా.

గగం: అక్కడా 'వెడ్న్జ్' అనే ఉంటుంది. మీ 'నెస్' ఏది?

చద్దన్నం: స్పెల్లింగులో ఉంది కదా సార్ 😄

పాతపుస్తకం: ఒకప్పుడు పలుకులోనూ ఉండేది. వోడెన్ దేవుడి వారం అది, పాత ఇంగ్లిష్‌లో వోడ్నెస్‌డైగ్. పలుకు అరిగిపోయింది, రాత మిగిలింది. రోమన్లకది మెర్క్యురీ వారం. మనకి బుధుడి వారం. గ్రహం ఒకటే!

గగం: చరిత్ర బాగుంది. చప్పట్లు రెండే.

పలకబలపం: మీకు చప్పట్లే గొడవ. 2009లో హైదరాబాద్‌లో ఓ కాల్ సెంటర్ ఇంటర్వ్యూకి వెళ్లా. వెడ్నెస్‌డే నుంచి వస్తానన్నా. ఎదురుగా కూర్చున్నావిడ పక్కాయన్ని చూసి నవ్వింది. ఉద్యోగం రాలేదు. ఇవాళ్టికీ ఆఫీసులో ఆ వారం పేరెత్తను, తేదీ చెప్తా.

చద్దన్నం: అయ్యో.

గగం: అయితే ఇప్పుడు కొడుకు మార్కు కోసమా పోట్లాట, ఆ ఇంటర్వ్యూ కోసమా?

పలకబలపం: రెండింటికీనండీ! నాలుగు ఇంగ్లిష్ ముక్కలు వచ్చినవాళ్లంతా మీలాగే కత్తెర పట్టుకుని కూర్చుంటారు. ఏడేళ్ల పిల్లాడికి నామోషీ నేర్పుతున్నారు.

గగం: నేనూ బడిపంతుల్నే. మార్కు కోసేది రేపు వాణ్ణి చూసి ఇంకెవరూ నవ్వకూడదని.

పలకబలపం: నవ్వేవాళ్లని వదిలేసి పిల్లల్ని దిద్దుతారా?

గగం: మరి మీరు తేదీ ఎందుకు చెప్తున్నారు?

(మర్నాడు)

పలకబలపం: రాత్రి మావాణ్ణే అడిగా. 'టీచర్ ముందు వెన్స్‌డేనే అంటాను నాన్నా. రాసేటప్పుడు మాత్రం మనసులో వెడ్-నెస్-డే అనుకుంటా, లేకపోతే మధ్యలో డి మర్చిపోతా' అన్నాడు. పరీక్షలో మనసులోది కొట్టేశాడట.

గగం: స్పెల్లింగుకి నేనూ క్లాసులో అలాగే చెప్తా. చప్పట్లు మాత్రం రెండే.