తెలుగు కథ ఎల్లలు దాటడానికి బహుమతులు తోడ్పడతాయా?

ప్రశ్న (పలాస నుంచి):
జీడిపిక్కలు కొట్టి కొట్టి, ఆ నూనెకు వేళ్లు నల్లబడిన ఆడవాళ్ల మీద మన కళింగాంధ్ర మాండలికంలో ఒక కథ రాశాను. అది ఇతర దేశాల పాఠకులకు చేరాలని నా కోరిక. కొత్తవారికి వీలైన పోటీలు ఏవైనా ఉంటే పెద్దలు తెలుపగలరు.

జవాబు (శ్రీకాకుళం నుంచి):
కామన్వెల్త్ కథానిక బహుమతిని పరిశీలించండి. ప్రవేశ రుసుము లేదు. కథ 2,000 నుంచి 5,000 పదాల మధ్య ఉండాలి; ఆంగ్లానువాదాలను కూడా స్వీకరిస్తారు. కామన్వెల్త్ దేశాలను ఐదు ప్రాంతాలుగా చూసి ఎంచే విజేతల కథలను బ్రిటన్ సాహిత్య పత్రిక గ్రాంటా ప్రచురిస్తూ వచ్చినందువల్ల, ఒక్క పుస్తకమైనా లేని రచయితలు కూడా విదేశీ ప్రచురణకర్తల దృష్టిలో పడ్డారు. నా మటుకు నగదు కంటే ఇదే ముఖ్యం. అయితే కథ అంతకుముందు పత్రికలోనూ, ఆన్‌లైన్‌లోనూ వెలువడి ఉండకూడదు సుమా.

జవాబు (విజయనగరం నుంచి):
2025లో బాను ముష్తాక్ గారి కన్నడ కథలకు అంతర్జాతీయ బుకర్ బహుమతి వచ్చినప్పుడు, 50,000 పౌండ్లు ఆమెకూ, అనువాదకురాలు దీపా భాస్తి గారికీ సమానంగా దక్కాయి. బ్రిటన్‌లోనో ఐర్లండ్‌లోనో అచ్చయిన ఆంగ్లానువాదాలకే ఆ బహుమతి ఇస్తారు కనుక అది కొత్తవారికి తొలిమెట్టు కాదు. అయినా అనువాదకులకు ఇచ్చే ఆ గౌరవం మన సాహిత్య సంస్థలు కూడా పాటించాలి. మనకు మంచి కథలకు కొదవ లేదని తెలుగు కథల గ్రంథాలయమైన శ్రీకాకుళం కథానిలయంలోని బీరువాలు చూసినవారెవరైనా ఒప్పుకుంటారు, కొరతంతా అనువాదకులదే.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలండి. కథను ఇంకా ఎక్కడా ప్రచురించలేదు. మన యాస తెలిసిన అనువాదకులెవరైనా మీ ఎరుకలో ఉంటే దయచేసి తెలియజేయండి.