“నెపమెన్నక” అంటే సాకు చెప్పకుండానా, తప్పు పట్టకుండానా?

పాలకొల్లు నుంచి, హైస్కూలు తెలుగు ఉపాధ్యాయిని:

పెద్దలందరికీ నమస్కారమండి. పదో తరగతి పిల్లల కోసం తెచ్చిన ఒక మాదిరి ప్రశ్నపత్రంలో నీతి మీద అవగాహన ప్రశ్న ఉంది. ముందు సుమతీ శతక పద్యం, దాని కింద చిన్న గద్యం, రెండింటి మీదా కలిపి ఐదు ప్రశ్నలు. పద్యం అందరికీ నోటికి వచ్చిందే:

ఉపకారికి నుపకారము
విపరీతము గాదు సేయ వివరింపంగా
నపకారికి నుపకారము
నెపమెన్నక సేయువాడె నేర్పరి సుమతీ!

మూడో ప్రశ్న: ఈ పద్యం ప్రకారం నేర్పరి ఎవరు?
అ) ఉపకారికి ఉపకారం చేసేవాడు
ఆ) ఏ సాకూ చెప్పకుండా అపకారికి ఉపకారం చేసేవాడు
ఇ) తప్పులు ఎంచకుండా అపకారికి ఉపకారం చేసేవాడు
ఈ) ఎవరికీ అపకారం చేయనివాడు

జవాబుల పట్టికలో ‘ఆ’ అని ఉంది. నెపం అంటే సాకు అనే మనం రోజూ వాడతాం కాబట్టి అదే సరైనదనిపిస్తుంది. కానీ ‘ఇ’ పెట్టిన పిల్లలు కూడా చాలామందే ఉన్నారు. మార్కు ఎవరికి వెయ్యాలండి?

గద్యం ఇది: “లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారి ఇల్లు ఏళ్ల తరబడి బాటసారులకు అన్నం పెట్టిన ఇల్లు. గోదావరి పాయలు దాటి అలసి వచ్చినవారు వేళ కాని వేళ తలుపు తట్టినా ఆమె విసుక్కోలేదు. వచ్చినవారి కులం అడగలేదు, ఊరు అడగలేదు. ఆకలి ఒక్కటే చూశారు.” ఐదో ప్రశ్న: పద్యంలోని నేర్పరి లక్షణం సీతమ్మ గారికి వర్తిస్తుందని ఈ గద్యం ఆధారంగా చెప్పగలమా? దీని మీద కూడా ఒక మాట చెప్పండి.

అమలాపురం నుంచి, రిటైరైన తెలుగు పండితులు:

‘ఇ’ సరైన జవాబమ్మా. పట్టికలో పొరపాటు పడింది.

నెపానికి నిఘంటువుల్లో మిష, కారణం, దోషం అని మూడు అర్థాలూ ఉన్నాయి. ఇక్కడ ఏది కుదురుతుందో తేల్చేది నెపం కాదు, దాని పక్కనున్న క్రియ. సాకు అనే అర్థంలో అయితే నెపం చెబుతాం, నెపం చూపుతాం, నెపంతో తప్పించుకుంటాం. ‘ఎన్నడం’ అంటే లెక్కపెట్టడం, ఎంచడం. మనం తప్పులెన్నుతాం, గుణదోషాలు ఎన్నుతాం. సాకుల్ని ఎన్నేవాడు ఎవడూ ఉండడు. క్రియ ‘ఎన్నక’ అయినప్పుడు దాని ముందున్న నెపం దోషమే.

ఈ అర్థం చచ్చిపోయిన పాత అర్థమని పిల్లలకు చెప్పకండి. “తను చేసి నెపం నా మీదికి నెట్టేశాడు” అని ఇప్పటికీ అంటున్నాం కదా. నెట్టేది సాకును కాదు, తప్పును. “ఒంట్లో బాగాలేదన్న నెపంతో రాలేదు” అన్నప్పుడు మాత్రం సాకు. ఈ రెండు వాక్యాలూ బోర్డు మీద పక్కపక్కన రాసి, నెపం తీసేసి ఒకచోట ‘తప్పు’, ఒకచోట ‘సాకు’ పెట్టి చదివించండి. ఆ తర్వాత పద్యంలో రెండూ పెట్టి చూడమనండి.

తణుకు నుంచి, జూనియర్ కళాశాల అధ్యాపకులు:

పండితుల వారూ, మీరే చెప్పిన మూడో అర్థం మాటేమిటి? ‘నెపమెన్నక’ అంటే ‘కారణం వెతుక్కోకుండా’ అనుకుంటే? వీడికి నేనెందుకు చెయ్యాలి అని లెక్కలు వేసుకోకుండా చేసేవాడు అన్న భావం వస్తుంది. ‘ఎన్ను’ క్రియతోనూ కుదురుతుంది. ‘ఆ’ అని పట్టిక వేసినవారు కూడా బహుశా ఈ దారిలోనే వచ్చి ఉంటారు.

అమలాపురం నుంచి:

మంచి ప్రశ్న. ఎన్నక అన్నది వ్యతిరేక క్త్వార్థకం, అంటే ‘ఎన్నకుండా’ అని చెప్పే అసమాపక క్రియ. దాని కర్తా, సేయువాడూ ఒక్కరే. అంటే ఎన్నకుండా ఉన్నదీ, ఉపకారం చేసిందీ నేర్పరే. ఎవరి నెపమో పద్యం విడిగా చెప్పలేదు. పాదం ముందు నిలబెట్టింది మాత్రం అపకారిని. అపకారి దగ్గర ఎంచడానికి కళ్లెదుట ఉన్నది అతని తప్పు. దూరాన ఉన్న కారణాన్ని తెచ్చుకోవడం కన్నా దగ్గరున్న తప్పును తీసుకోవడమే అన్వయానికి తిన్నగా ఉంటుంది. మీరు చెప్పింది వ్యాఖ్యగా రాయవచ్చు. నాలుగు ఐచ్ఛికాల ప్రశ్నలో జవాబుగా నిలవదు. పైగా ‘ఆ’ లో ఉన్నది కారణం కాదు, సాకు. సాకు చెప్పేది పని ఎగ్గొట్టేవాడు. ఉపకారం చేసేసినవాడు సాకు చెప్పకపోవడంలో విశేషం ఏముంది?

రాజోలు నుంచి, తెలుగు ఉపాధ్యాయులు:

నెపం ఒక్కటే కాదండి, ఈ పద్యంలో పిల్లలు జారిపడే చోట్లు ఇంకా మూడున్నాయి. పేపర్లు దిద్దేవాళ్లకు పనికొస్తాయని రాస్తున్నాను.

‘నపకారి’ అనే మాట లేదు. వివరింపంగాన్ + అపకారికి. ఆ ‘న’ ముందు మాట చివరి ద్రుతం, అంటే మాట చివర వచ్చే ‘న్’, పాదం విరగడంతో కిందికి దిగింది. ‘నుపకారము’ కూడా అంతే, ఉపకారికిన్ + ఉపకారము. పిల్లలు ‘న’ని సంస్కృతంలోని నిషేధం అనుకుని “అపకారం చేయనివాడు” అని రాసేస్తారు. ‘ఈ’ జవాబు పెట్టినవాళ్లలో చాలామంది ఈ గోతిలోనే పడి ఉంటారు.

రెండోది ‘గాదు సేయ’. ‘సేయ’ అంటే చేయడం. దాన్ని ‘చేయకు’ అని చదివితే పద్యం మొత్తం తలకిందులవుతుంది. అన్వయం ముందే రాయించాలి: వివరింపగా, ఉపకారికి ఉపకారం చేయడం విపరీతం కాదు. తెలుగులో నిషేధం క్రియ తోకలో దాక్కుంటుంది. ఎన్నక, కాదు, చేయని, లేక అన్నవాటి కింద పెన్సిల్ గీత గీయమని చెబితే సగం తప్పులు పోతాయి.

మూడోది ‘విపరీతం’. ఇప్పుడు విపరీతమైన ఎండ అంటే చాలా ఎండ. దాని అసలు అర్థం తిరగబడినది, మామూలుకు విరుద్ధమైనది. ఇక్కడ వింత, గొప్ప అని. “ఉపకారికి ఉపకారం ఎక్కువగా చేయకూడదు” అని రాసిన పిల్లవాడు పద్యం చదవలేదని అనుకోకండి. చదివాడు, ఈనాటి అర్థంతో చదివాడు.

భీమవరం నుంచి:

నేర్పరి అన్న మాట యతి కోసం పడిందేమో కదండి? నాలుగో పాదం ‘నె’తో మొదలైంది కాబట్టి నాలుగో గణానికి ‘నే’ కావలసి వచ్చింది. అప్పుడు దాన్ని ‘మంచివాడు’ అని రాసినా మార్కు ఇవ్వవచ్చు కదా?

అమలాపురం నుంచి:

ఇవ్వకూడదు. యతి అక్షరాన్ని అడుగుతుంది, అర్థాన్ని కవి ఎంచుకుంటాడు. కందంలో యతి రెండు, నాలుగు పాదాల్లో. వి–వి, నె–నే. నిజమే. ప్రాస నాలుగు పాదాల్లోనూ ‘ప’: ఉప, విప, నప, నెప. కాబట్టి నెపం తీసి ‘తప్పు’ పెట్టడానికి వీలులేదు, ప్రాసలో ద్విత్వం పడుతుంది. ఇలా ఛందస్సు బిగించినా, మంచివాడు, పుణ్యాత్ముడు అని చెప్పదలుచుకుంటే పాదాన్నే వేరుగా ఎత్తుకునేవాడు. నేర్పరి అంటే పనితనం తెలిసినవాడు. వడ్రంగి నేర్పరి, పడవ నడిపేవాడు నేర్పరి. అపకారికి ఉపకారం చేయడాన్ని పుణ్యంగా కాక ఒక నేర్పుగా చెప్పడమే ఈ పద్యానికి ప్రాణం. దాన్ని ‘మంచివాడు’ అని చదునుచేస్తే ఇలాంటి నీతిపద్యాలన్నీ పిల్లల చేతిలో ఒకే జవాబు అయిపోతాయి.

ఒక జాగ్రత్త. “ఎందుకు నేర్పరి?” అని అడిగితే “శత్రువు మిత్రుడవుతాడు కాబట్టి” అని రాస్తారు. తాత్పర్యాల్లో ఉంటుందేమో గాని పద్యంలో ఆ మాట లేదు. పద్యంలో ఉన్న ఆధారం మొదటి రెండు పాదాలు: ఉపకారికి చేయడం అందరూ చేయగలిగినదే, అందులో గొప్పేమీ లేదు. కష్టమైనది రెండోది. జవాబు అక్కడి నుంచి రావాలి.

రాజోలు నుంచి:

ఐదో ప్రశ్న సంగతి చెప్పాలండి, అది ఈ పేపర్లో అన్నిటికన్నా మంచి ప్రశ్న. మన జిల్లాల్లో సీతమ్మ గారి పేరు వినగానే ఏ పిల్లైనా “వర్తిస్తుంది” అని రాస్తుంది. గౌరవం అలాంటిది. ఉండాలి కూడా. కానీ గద్యంలో అపకారి ఎక్కడున్నాడు? బాటసారులు ఉన్నారు, ఆకలి ఉంది, వేళ కాని వేళ ఉంది. ఆమెకు కీడు చేసినవారి ప్రస్తావన లేదు. పద్యం పెట్టిన షరతు అపకారికి ఉపకారం. కాబట్టి సరైన జవాబు: “గద్యంలో అపకారి ప్రస్తావన లేదు కనుక, దీని ఆధారంగా ఆ లక్షణం వర్తిస్తుందని చెప్పలేం. భేదం చూడకుండా అన్నం పెట్టారని మాత్రం చెప్పగలం.” రెండు వాక్యాలు చాలు. మొదటిది ఏది లేదో, రెండోది ఏది ఉందో.

“ఆమెకు ఆ లక్షణం లేదు” అని రాసినా తప్పే. చెప్పలేం అనడం వేరు, లేదు అనడం వేరు. రెండు మార్కుల ప్రశ్న అయితే నేను ఆధారానికి ఒకటి, ఈ తేడా పట్టుకున్నందుకు ఒకటి వేస్తాను. “అవును, ఆమె అన్నపూర్ణ” అని అర పేజీ రాసినా సున్నాయే. వేసేటప్పుడు మనసు ఒప్పదు, కానీ అడిగింది గద్యం గురించి.

శీర్షిక పెట్టమన్నా ఇదే కొలత. “మానవ సేవే మాధవ సేవ” ఏ గద్యానికైనా అతుకుతుంది. “ఆకలి ఒక్కటే చూసిన ఇల్లు” ఈ గద్యానికే అతుకుతుంది.

పాలకొల్లు నుంచి:

ధన్యవాదాలండి. ‘ఇ’ పెట్టినవాళ్లకు మార్కు వేస్తున్నాను. ‘ఆ’ పెట్టినవాళ్లకు కూడా ఈసారికి తీసెయ్యను, పట్టికే అలా ఉంది కాబట్టి. మళ్లీ ఇచ్చేటప్పుడు ‘సాకూ చెప్పకుండా’ అన్నది అలాగే ఉంచి, ‘నెపమెన్నక అన్న మాటను బట్టి’ అని ప్రశ్నలో చేర్చనా?

అమలాపురం నుంచి:

చేర్చమ్మా, అప్పుడు ప్రశ్న గట్టిపడుతుంది. చెప్పేటప్పుడు నెపం పక్కన ‘వంక’ పెట్టు. మన వైపు పిల్లలకు అది ఇంట్లో మాట. “సంత వంకన ఊరెళ్లాడు” అంటే సాకు. “కూరకి వంక పెట్టాడు” అంటే తప్పు. నెపంలాగే ఆ రెండు అర్థాలూ ఒకే మాటలో ఉన్నాయి. “వంకలేనమ్మ డొంక పట్టుకుని ఏడ్చింది” అన్న సామెతలో వంక ఏ అర్థమో ముందు వాళ్లనే చెప్పమను. తర్వాత “వంకలెన్నక” అని రాసి, అది ఏ అర్థమో అడుగు.