నెలనెలా వచ్చే నిరుద్యోగ రేటులో పాలమూరు వలస ఎందుకు కనిపించదు?

మక్తల్ విద్యార్థి (ప్రశ్న):

పెద్దలందరికీ నమస్కారం. నేను ఎం.ఏ. ఎకనామిక్స్ రెండో సంవత్సరం చదువుతున్నాను. రాష్ట్రంలో ఉపాధి, నిరుద్యోగం నెలనెలా ఎలా మారుతున్నాయన్న అంశంపై ప్రాజెక్టు రాయాలి. పని మొదలుపెట్టగానే చిక్కులో పడ్డాను. కేంద్ర గణాంక శాఖ ఇంటింటికీ తిరిగి చేసే ఉపాధి సర్వే, అంటే పీఎల్‌ఎఫ్‌ఎస్ నివేదికలో తెలంగాణకు ఒక నిరుద్యోగ రేటు ఉంది. సీఎంఐఈ అనే ప్రైవేటు సంస్థ పేరుతో పత్రికల్లో నెలనెలా వచ్చే రేటు వేరుగా ఉంది. పైగా ఈ రెండోది ఒక నెల అమాంతం పెరుగుతుంది, మరుసటి నెల అంతే వేగంగా పడిపోతుంది. నెల రోజుల్లో రాష్ట్రంలో పనులు అంతగా మారిపోతాయా అన్న అనుమానం నాకు తీరడం లేదు.

అంతకన్నా నన్ను ఎక్కువగా వేధిస్తున్న ప్రశ్న ఇంకొకటి ఉంది. మా పాలమూరు (పాత మహబూబ్‌నగర్ జిల్లా) వైపు యాసంగి (రబీ) పంటకు నీళ్లు అందని ఊళ్లలో పత్తి ఏరడం అయిపోగానే ముంబై, పుణె బస్సులు నిండిపోతాయి. మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకున్న ఆలుమగలు పిల్లలను ముసలివాళ్ల దగ్గర వదిలి వెళ్తారు. అయినా గ్రామాల నిరుద్యోగ రేటు ఎప్పుడు చూసినా పట్టణాల కన్నా తక్కువగానే ఉంటుంది. పని లేకనే ఊరు విడిచిన ఈ మనుషులు ఆ అంకెలో ఎక్కడ ఉన్నారు? ఏ అంకెను ఆధారంగా తీసుకుని రాయాలో తెలిసినవారు వివరించగలరని కోరుతున్నాను.

మిర్యాలగూడ లెక్చరర్:

మంచి ప్రశ్న అడిగారు. ముందుగా తెలుసుకోవలసింది ఏమిటంటే, తెలంగాణకు సంబంధించి ప్రభుత్వం తరఫున నెలవారీ నిరుద్యోగ రేటు అంటూ ఏదీ లేదు. ఒకప్పుడు ఉపాధి సర్వే దాదాపు ఐదేళ్లకు ఒకసారి జరిగేది, ఆ వరుసలో చివరిది 2011-12లో జరిగింది. దాని స్థానంలో 2017 ఏప్రిల్‌లో పీఎల్‌ఎఫ్‌ఎస్ మొదలైంది. 2024 వరకు అందులో పట్టణాలకు మూడు నెలలకొకసారి, గ్రామాలు కూడా కలిపి ఏడాదికొకసారి మాత్రమే అంచనాలు వచ్చేవి. 2025 జనవరి నుంచి సర్వే పద్ధతి మార్చి, ఇళ్ల సంఖ్యను రెండున్నర రెట్లకు పైగా పెంచారు. ఎంపికైన ఇంటికి వరుసగా నాలుగు నెలలు వెళ్తున్నారు. అలా తయారైన మొదటి నెలవారీ ప్రకటన 2025 మే 15న వెలువడింది. ఆ ఏప్రిల్‌కు దేశంలో 15 ఏళ్లు, ఆపై వయసువారి నిరుద్యోగ రేటు 5.1 శాతం, గ్రామాల్లో 4.5, పట్టణాల్లో 6.5. ఈ నెలవారీ అంకెలు దేశం మొత్తానికే గాని రాష్ట్రాలకు కావు. రాష్ట్రం గురించి రాయాలంటే త్రైమాసిక, వార్షిక అంచనాల దగ్గరే ఆగవలసి ఉంటుంది.

ఇక రెండు అంకెలు కలవకపోవడానికి నిర్వచనాలే ప్రధాన కారణం. పీఎల్‌ఎఫ్‌ఎస్‌లోనే రెండు కొలతలు ఉన్నాయి. ఏడాది మొత్తాన్ని చూసి మనిషి ఎక్కువ కాలం ఏ స్థితిలో ఉన్నాడో నిర్ణయించి, దానికి తోడు 30 రోజులకు తగ్గకుండా చేసిన ఉపపనిని కూడా కలుపుకొనేది సాధారణ స్థితి. గడిచిన ఏడు రోజులనే చూసేది వారపు స్థితి. 2023-24లో దేశానికి సాధారణ స్థితి ప్రకారం నిరుద్యోగ రేటు 3.2 శాతం. అవే ఇళ్లలో అదే ఏడాది వారపు స్థితి ప్రకారం చూస్తే అది 5 శాతానికి దగ్గరగా ఉంది. పత్రికలు ఈ తేడా చెప్పకుండా ఒకదాని పక్కన ఒకటి వేయడం వల్లే పాఠకులు తికమక పడుతున్నారు. సీఎంఐఈ నిర్వచనం ఇంకా బిగువైనది. అది వారం మొత్తాన్ని కాకుండా సర్వే చేసిన నాటి స్థితిని అడుగుతుంది. ఇంటి పొలంలో కూలి లేకుండా చేసే ఆడవాళ్ల పనిని పీఎల్‌ఎఫ్‌ఎస్ ఉపాధిగానే లెక్కిస్తుంది. సీఎంఐఈ లెక్కలో మాత్రం శ్రామిక శక్తిలో (అంటే పని చేస్తున్నవారు, పని వెతుకుతున్నవారు కలిపి) ఉన్న మహిళల శాతం చాలా తక్కువగా వస్తుంది.

నెలనెలా వచ్చే ఊగిసలాట గురించి కూడా ఒక మాట. సీఎంఐఈ తన నమూనా ఇళ్లన్నిటినీ ఒకసారి తిరగడానికి నాలుగు నెలలు తీసుకుంటుంది. కాబట్టి ఒక నెలలో ఒక రాష్ట్రం వాటాకు వచ్చే ఇళ్లు కొద్దిగానే ఉంటాయి. పని చేస్తున్నవారు, పని వెతుకుతున్నవారు కలిపి 1,000 మందిని అడిగి, అందులో 5 శాతం నిరుద్యోగులని తేలిందనుకుందాం. యాదృచ్ఛిక నమూనా సూత్రం ప్రకారం అసలు రేటు సుమారు 3.6 నుంచి 6.4 వరకు ఎక్కడైనా ఉండవచ్చు. 400 మందినే అడిగితే ఆ హద్దులు 3 నుంచి 7 దాకా వెడల్పవుతాయి. ఒకే ఊరిలోని ఇళ్లను గుంపుగా తీసుకుంటారు గనుక నిజానికి ఇంకా వెడల్పే. అందువల్ల ఒక నెలలో ఒకటి రెండు శాతం పెరిగిందన్న వార్తను చూసి రాష్ట్రంలో ఉద్యోగాలు పోయాయని రాయవద్దు.

దేవరకొండ సర్వే ఉద్యోగి (విశ్రాంత):

లెక్చరర్ గారు నిర్వచనాలు చక్కగా చెప్పారు. నేను ఇళ్లకు వెళ్లి ఆ ఫారాలు నింపిన మనిషిని కాబట్టి, ఆ నిర్వచనం గడప దగ్గర ఎలా పనిచేస్తుందో చెబుతాను. వానలు పడకముందు ఒక తండాలో ఒక ఇల్లాలిని గత ఏడు రోజుల పని గురించి రోజువారీగా అడుగుతున్నాం అనుకోండి. సోమవారం పని లేదు. మంగళవారం ఒక రైతు చేనులో పత్తి కట్టె ఏరింది, అదీ ఒక పూటే. బుధవారం నుంచి శనివారం వరకు పనికి పిలిచేవారి కోసం ఎదురుచూసింది. ఆదివారం ఇంట్లో ఉంది. వారంలో ఒక్క రోజైనా, కనీసం ఒక్క గంటైనా పని చేస్తే ఆ వారానికి ఆమె ఉపాధి ఉన్న మనిషే. అందుకే మంగళవారం నాటి ఆ పూట కూలి ఆమెను నిరుద్యోగుల లెక్క నుంచి తప్పిస్తుంది. ఇది సర్వే చేసేవారి తప్పు కాదు. అంతర్జాతీయంగా ఒప్పుకున్న కొలతలో కూడా ఒక గంట నియమం ఉంది. ఉత్పత్తిని కొలవడానికి ఆ కొలత పనికి వస్తుంది గాని, ఆ ఇంట్లో పొయ్యి ఎన్ని రోజులు వెలిగిందో అది చెప్పదు.

అయితే ఆ రోజువారీ వివరం వృథా పోదు. ఏ రోజు ఎన్ని గంటలు పని చేశారో కూడా ఫారంలో రాస్తాం. పేర్లు తీసేసిన ఆ మూల సమాచారాన్ని గణాంక శాఖ పరిశోధకులకు ఉచితంగా ఇస్తుంది. మీరు నిరుద్యోగ రేటును వదిలి, కూలి పనిచేసేవారు వారంలో సగటున ఎన్ని రోజులు, ఎన్ని గంటలు పని దొరికించుకున్నారో త్రైమాసికాల వారీగా తీస్తే, మీ ఊళ్లో మీరు చూస్తున్నది బయటపడుతుంది.

వలస సంగతికి వస్తే, ఏడాదిలో ఆరు నెలలకు పైగా బయటే ఉండే మనిషిని ఇక్కడి ఇంటి సభ్యుల పట్టికలో రాయరు. కుటుంబం మొత్తం వెళ్లి ఇంటికి తాళం ఉంటే, ఆ ఇంటికి బదులు మరో ఇంటిని తీసుకుంటారు. బదులు దొరికిన ఇల్లు సహజంగానే ఊళ్లో నిలిచి ఉండగలిగిన ఇల్లు. పుణెలో కట్టడం పక్కన రేకుల షెడ్డులో ఉన్నవారు అక్కడి సర్వేకు చిక్కితే మహారాష్ట్ర ఖాతాలో ఉపాధి ఉన్నవారుగా చేరుతారు, చిక్కకపోతే ఎక్కడా ఉండరు. మీరు అడిగిన మనుషులు పోయింది అక్కడికే.

వనపర్తి నుంచి:

పై ఇద్దరి మాటలతో చాలావరకు ఏకీభవిస్తున్నాను గాని, నెలవారీ అంకెను పూర్తిగా పక్కన పెట్టడం నాకు సమ్మతం కాదు. నిరుద్యోగ రేటు ఒక్కదాన్నే చూడకుండా, దాని పక్కన ఉండే రెండు అంకెలతో కలిపి చదివితే అది ఎంతో చెబుతుంది. దేశం మొత్తానికి 2025 ఏప్రిల్ నుంచి మేకు నిరుద్యోగం 5.1 నుంచి 5.6కు పెరిగింది. అదే సమయంలో శ్రామిక శక్తి భాగస్వామ్యం 55.6 నుంచి 54.8కి తగ్గింది. జనాభాలో పని చేస్తున్నవారి శాతం 52.8 నుంచి 51.7కు దిగింది. అంటే పని పోయినవారిలో కొందరు వెతుకుతూ నిరుద్యోగులుగా నమోదయ్యారు, ఇంకొందరు వెతకడమే మానుకుని లెక్క నుంచి బయటికి వెళ్లారు. యాసంగి కోతలు ముగిసి తొలకరి పడని ఆ రోజుల్లో మన పల్లెల్లో జరిగేది అచ్చంగా ఇదే.

ఈ రెండో రకం మనుషులే రేటును మోసపుచ్చుతారు. ఒక ఊళ్లో వంద మంది పెద్దవాళ్లు ఉంటే 57 మంది పనిలో, ముగ్గురు వెతుకులాటలో ఉన్నారనుకోండి. 60 మందిలో ముగ్గురంటే నిరుద్యోగం 5 శాతం. ఆ ముగ్గురిలో ఇద్దరు విసిగి వెతకడం మానేస్తే, 58 మందిలో ఒక్కరంటే రేటు 1.7 శాతానికి పడిపోతుంది. పని మాత్రం ఒక్కరికీ కొత్తగా దొరకలేదు. కాబట్టి మీ ప్రాజెక్టులో నిరుద్యోగ రేటు గీతను ఒంటరిగా గీయవద్దని, పని చేస్తున్నవారి శాతాన్ని దాని పక్కనే పెట్టమని గట్టిగా చెబుతున్నాను.

గ్రామాల్లో రేటు తక్కువ ఎందుకన్నదానికి కూడా ఇందులోనే సమాధానం ఉంది. పని లేకుండా వెతుకుతూ కూర్చోవడానికి వెనుక ఎవరో అన్నం పెట్టేవారు ఉండాలి. కూలి ఇంటి మనిషికి ఆ వెసులుబాటు లేదు. దొరికిన పని ఎంత తక్కువదైనా చేస్తాడు, లేదా బస్సెక్కుతాడు. డిగ్రీ, బీటెక్ చదివిన పిల్లలను మాత్రం తల్లిదండ్రులు అప్పు చేసైనా హైదరాబాద్‌లోని అశోక్‌నగర్‌లోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో కోచింగ్‌లో ఉంచుతారు. 2025 ఏప్రిల్‌లోనే 15 నుంచి 29 ఏళ్ల వయసువారి నిరుద్యోగ రేటు 13.8 శాతం ఉండడాన్ని గమనించండి. పోటీ పరీక్షకు చదువుతూ, పని ఇస్తే ఇప్పుడే చేరతానని చెప్పిన యువకుడు నిరుద్యోగి అవుతాడు. చదువే నా పని అన్నవాడు శ్రామిక శక్తిలోనే ఉండడు. నోటిఫికేషన్ల కాలంలో ఈ సమాధానాలు మారుతుంటాయి కనుక, యువత అంకెను విడిగా చూపించడం అవసరం.

మక్తల్ విద్యార్థి:

అందరికీ కృతజ్ఞతలు. పని గంటలు, పని చేస్తున్నవారి శాతం రెండూ చేరుస్తాను. అయితే త్రైమాసిక అంచనాలు రాష్ట్ర స్థాయివే గనుక దక్షిణ తెలంగాణ వాటిలో విడిగా కనిపించదు. జిల్లా, మండలం స్థాయిలో నెలనెలా దొరికేవి ఉపాధి హామీ పనుల వివరాలు. పీఎఫ్ ఖాతాల లెక్క కూడా నెలనెలా వస్తుంది. వీటిని వాడవచ్చునా?

మిర్యాలగూడ లెక్చరర్:

వాడవచ్చు. నా దృష్టిలో మన ప్రాంతానికి ఉపాధి హామీ రికార్డును మించిన నెలవారీ ఆధారం లేదు. 2006 ఫిబ్రవరి 2న పథకం మొదలైన 200 జిల్లాల్లో ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్గొండ రెండూ ఉన్నాయి కాబట్టి వరుస కూడా పొడవైనది. ఎన్ని కుటుంబాలు పని అడిగాయి, ఎన్ని పనిదినాలు జరిగాయి అన్నది గ్రామ పంచాయతీ వరకు దొరుకుతుంది. మే, జూన్‌లలో ఎక్కి, నాట్లు మొదలవగానే దిగిపోయే ఆ గీతను ఒకసారి గీసి చూడండి. సాగర్ ఎడమ కాలువ కింద ఉన్న మా మిర్యాలగూడ, హుజూర్‌నగర్ మండలాలనూ, చెలక భూములున్న దేవరకొండ మండలాలనూ విడివిడిగా వేయండి. కాలువ కింద కూడా కోతలు మిషన్లకు పోయాయి. ఇక్కడి కూలీలకు నాట్లు, కలుపు రోజులే మిగిలాయి. నాట్లు కూడా చాలాచోట్ల ఎకరానికింత అని గుత్తకు ఒప్పుకుంటున్నారు గనుక, రోజు కూలి రేటును మాత్రమే అడిగితే అసలు ఆదాయం తెలియదు.

దీనికీ ఒక పరిమితి ఉంది. పని అడిగినట్టు నమోదైతేనే అడిగినట్టు. బిల్లులు ఆలస్యమైన నెలల్లో కూలీలు అడగడమే తగ్గిస్తారు, అప్పుడు అవసరం తీరినట్టు అంకె చూపుతుంది. కాబట్టి చెల్లింపుల వివరాన్ని పక్కన పెట్టుకోకుండా ఆ గీతను వ్యాఖ్యానించవద్దు.

పీఎఫ్ లెక్క మన జిల్లాలకు అంతగా పనికి రాదు. 20 మంది, అంతకు పైగా పనిచేసే సంస్థలకే అది సాధారణంగా వర్తిస్తుంది. సంస్థ నమోదైన కార్యాలయం ఎక్కడుందో అక్కడి ఖాతాలో చేరుతుంది గనుక జడ్చర్ల దగ్గరి పోలేపల్లిలో మందుల కంపెనీలో చేరిన అమ్మాయి హైదరాబాద్ లెక్కలోకి పోవచ్చు. అప్పటికే పనిచేస్తున్న మనిషికి కొత్తగా పీఎఫ్ కట్టడం మొదలుపెట్టినా కొత్త ఉద్యోగంలాగే కనిపిస్తుంది.

చివరగా పోలికల గురించి. వీటిలో దేన్నీ గడిచిన నెలతో పోల్చవద్దు, నిరుటి అదే నెలతో పోల్చండి. జిల్లాల వరుస గీసేటప్పుడు మరింత జాగ్రత్త కావాలి. 2016 అక్టోబరులో పాత పాలమూరు నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల జిల్లాలు, 2019 ఫిబ్రవరిలో నారాయణపేట విడిపోయాయి. షాద్‌నగర్, ఆమనగల్లు రంగారెడ్డిలోకి, కొడంగల్ వికారాబాద్‌లోకి వెళ్లాయి. మహబూబ్‌నగర్ అన్న పేరు మీదే 2015 అంకెనూ ఇప్పటి అంకెనూ పక్కపక్కన పెడితే పనిదినాలు కుప్పకూలినట్టు కనిపిస్తుంది. మండలాల వారీగా దించుకుని, పాత జిల్లా హద్దుల ప్రకారం మీరే కూడుకోండి. మీ మక్తల్ కూడా ఇప్పుడు నారాయణపేట పేరు మీదే దొరుకుతుంది.