కిండర్‌డైక్: ఒక్క ఊరికి 19 గాలిమరలు ఎందుకు?

లంకగాలి:
నెదర్లాండ్స్‌లో రోటర్‌డామ్‌కి తూర్పున ఉన్న ఈ ఊళ్లో అన్ని గాలిమరలు ఎందుకు కట్టారు? అవి పిండి మరలా? ఊరి పేరుకి పిల్లి, ఉయ్యాలతొట్టి కథ చెబుతారు, అది చరిత్రేనా? వెళ్తే దేన్ని దగ్గర్నుంచి చూడాలి?

కరకట్ట:
ఒక్కటీ పిండి మర కాదండీ, అన్నీ నీళ్లు తోడేవే. అసలు చిక్కంతా నేలతో. ఆల్‌బ్లాసర్‌వార్డ్ అనే ఆ పల్లపు ప్రాంతానిది పీట్ నేల, అంటే కుళ్లీ కుళ్లని మొక్కలు వేల ఏళ్లుగా పేరుకున్న స్పాంజి లాంటి మన్ను. సాగు కోసం కాలవలు తవ్వి నీరు తీసేస్తే అది ఎండి, గాలి సోకి కుంగిపోతుంది. కుంగిన కొద్దీ ఇంకా లోతుకి నీరు తీయాలి, తీస్తే ఇంకా కుంగుతుంది. మొదట్లో లెక్ నదికి ఆటు రాగానే తూములు ఎత్తితే నీరు దానంతటదే పోయేది. నేల దిగిపోయి, నది అడుగు మేట వేసి పైకొచ్చాక ఆ దారి పనికిరాలేదు.

అందుకే రెండంచెలు. పొలాల దగ్గరి మరలు నీటిని పల్లపు కాలవలోకి తోడేవి. అది కిండర్‌డైక్ చేరాక ఇక్కడి 16 మరలు సుమారు 1.4 మీటర్లు ఎత్తి మెరక జలాశయంలో పోసేవి. ఆటు సమయానికి అక్కణ్ణుంచి నదిలోకి వదిలేవారు. నేడర్‌వార్డ్, ఓవర్‌వార్డ్ అని రెండు నీటి సంఘాలు, ఎవరి కాలవ వాళ్లది, ఎవరి మరలు వాళ్లవి. 1738లో నేడర్‌వార్డ్ వాళ్లు 8 గుండ్రటి ఇటుక మరలు, 1740లో ఓవర్‌వార్డ్ వాళ్లు ఎనిమిది పలకల రెల్లు కప్పు మరలు మరో 8 కట్టారు. మిగతా మూడింటిలో రెండు నియూ-లెక్కర్‌లాండ్ పొలాలవి, ఒకటి బ్లాక్‌వేర్ పొలాలది.

పల్లెబాట:
వరద నిజం, పిల్లి జానపదం. 1421 నవంబర్ 18-19 రాత్రి సెయింట్ ఎలిజబెత్ వరదలో పక్కనున్న గ్రోటె వార్డ్ అనే పల్లపు ప్రాంతం మునిగి మళ్లీ తేరుకోలేదు. బీస్‌బాస్ చిత్తడి నేలలు అలా పుట్టినవే. తొట్టి తిరగబడకుండా పిల్లి అటూ ఇటూ గెంతుతూ పసిబిడ్డను కట్టకి చేర్చిందంటారు. కిండర్‌డైక్ అంటే పిల్లల కరకట్ట. కథను కథగానే చెప్పండి.

తెరచాప:
ముందు మర వెనక్కి వెళ్లి తోక చూడండి. టోపీ, అంటే మర పైన తిరిగే కప్పు, దాన్నుంచి నేల దాకా దిగిన దూలాల కట్టు అది. దాని కిందున్న చక్రం తిప్పితే గొలుసు లాగి, టోపీ, రెక్కలు కలిసి గాలికి ఎదురు తిరుగుతాయి. గాలి వెనక నుంచి కొడితే టోపీయే ఊడిపోవచ్చు. తర్వాత నాలుగు రెక్కల మీదా గుడ్డ పరుస్తారు, గాలి ముదిరితే కొంత చుట్టేస్తారు. చుట్టకుండా ఆలస్యం చేస్తే బ్రేకుకి పట్టు దొరకదు. బ్రేకంటే పెద్ద పళ్ల చక్రాన్ని చుట్టూ బిగించే చెక్క దిమ్మలు, రాపిడి ఎక్కువైతే నిప్పు పుడుతుంది. రెల్లు కప్పుకి ఆ నిప్పు చాలు. చెక్క పళ్లకి తేనెమైనం, ఇరుసు మెడకి పంది కొవ్వు రాస్తారు.

నాకు అన్నిటికన్నా నచ్చేది నీళ్లు తోడే చక్రం వెనకున్న తలుపు. చక్రం తోసిన నీటికి తెరుచుకుంటుంది, చక్రం ఆగగానే మెరక నీటి ఒత్తిడికే మూసుకుంటుంది. అందులో కర్రముక్క ఇరుక్కుంటే తోడిన నీరు వెనక్కి వచ్చేస్తుంది.

ఆగిన రెక్కలకీ భాష ఉంది. ఎదురుగా చూస్తే అవి అపసవ్యంగా తిరుగుతాయి. పై రెక్క నిటారుకి కాస్త ముందే ఆగితే శుభం, దాటి ఆగితే సంతాపం. 2014లో చాలామంది డచ్చివాళ్లున్న ఎంహెచ్17 విమానం కూలినప్పుడు దేశంలో మరలను సంతాప భంగిమలో నిలిపారు. కొన్ని ప్రాంతాల్లో ఈ పద్ధతి వేరు.

లంకగాలి:
ఇప్పటికీ నీళ్లు తోడుతున్నాయా?

కరకట్ట:
రోజువారీ పని పంపులదే. 1868లో ఆవిరి పంపులు వచ్చాయి. రెండో ప్రపంచ యుద్ధంలో ఇంధనం దొరక్క గాలిమరలే ఆదుకున్నాయి. 1997లో యునెస్కో జాబితాలో చేరాయి, 2017లో మర నడిపే విద్యకీ గుర్తింపు వచ్చింది. చాలా మరల్లో కుటుంబాలు కాపురముంటున్నాయి, కిటికీల్లోకి తొంగిచూడకండి. మ్యూజియంగా తెరిచిన వాటిలోకే వెళ్లాలి, దానికి టికెట్ కొనాలి. రెక్కల చివర్లు నేలకి అడుగు ఎత్తు దాకా దిగుతాయి, కంచె దాటొద్దు.