ఫీడ్ మారకపోయినా 304 రావట్లేదు, జీజిప్ ఉంటే ప్రతిసారీ 200

అపాచీ 2.4 వెబ్ సర్వర్ మీద ఒక ఆర్‌ఎస్‌ఎస్ 2.0 ఫీడ్ (కొత్త వ్యాసాలను అందించే ఫైలు) నడుపుతున్నాను. మామూలు ఎక్స్‌ఎంఎల్ ఫైలే. 50 అంశాలు, పూర్తి వ్యాసాలతో 410 కేబీ. రీడర్లు (ఫీడ్ చదివే యాప్‌లు) 30 నిమిషాలకోసారి వచ్చి అడుగుతుంటాయి. కొత్తదేమీ లేనప్పుడు సర్వర్ 304తో, అంటే 'మారలేదు' అన్న చిన్న జవాబుతో, సరిపెట్టాలి కదా, లాగ్‌లో మాత్రం అన్నీ 200లే. ప్రతిసారీ ఫైలు మొత్తం వెళ్తోంది.

మొదట లాస్ట్‌బిల్డ్‌డేట్‌ని (ఫీడ్ చివరిసారి మారిన సమయం చెప్పే ట్యాగ్) అనుమానించాను. స్క్రిప్టు గంటకోసారి నడిచి ఆ సమయాన్ని మార్చేది, దాంతో ఫైలూ మారిపోయేది. ఇప్పుడు కొత్త అంశం ఉంటేనే ఫైలు రాసేలా సరిచేశాను. నిన్నటి నుంచి ఫైలు సమయం, సైజు కదల్లేదు. వాలిడేటర్ కూడా తప్పేమీ చూపలేదు.

కర్ల్‌తో (కమాండ్ లైన్ నుంచి సర్వర్‌ని అడిగే టూల్) చూస్తే అసలు తేడా దొరికింది. జీజిప్ (కుదించి పంపడం) అడక్కుండా, వచ్చిన ఈట్యాగ్‌ని (ఫైలు ఏ వెర్షనో చెప్పే గుర్తు) ఇఫ్-నన్-మ్యాచ్ హెడర్‌లో తిప్పి పంపితే 304 వస్తోంది. జీజిప్ అడిగితే ఈట్యాగ్ చివర, కొటేషన్ లోపలే, హైఫన్‌తో జీజిప్ అన్న మాట చేరుతోంది. దాన్ని ఉన్నదున్నట్టు తిప్పి పంపినా 200. తేదీని బట్టి అడిగే ఇఫ్-మాడిఫైడ్-సిన్స్ హెడర్ ఒక్కటే పంపితే 304 సరిగ్గానే వస్తోంది. కానీ చాలా రీడర్లు రెండూ పంపుతాయి, అప్పుడు ఈట్యాగ్‌దే పైచేయి.

ఫీడ్‌కి జీజిప్ ఆపి చూశాను: 304 వచ్చింది, కానీ కొత్తగా చేరేవాళ్లకి 410 కేబీ అలాగే వెళ్తోంది. అది నాకు సమ్మతం కాదు. ఈట్యాగ్ తీసేద్దామంటే, అదొక్కటే పంపే రీడర్లకి 304 దక్కదు.

జీజిప్, ఈట్యాగ్ రెండూ ఉంచుకుని 304 రావాలంటే సర్వర్ సెట్టింగుల్లో ఏ లైను రాయాలి?