ఒక్క సెమిస్టర్ ఎక్స్ఛేంజ్‌కి వెళ్ళొస్తే తర్వాతి జీవితంలో నిజంగా ఏమైనా మారుతుందా?

ఖమ్మం_నాన్న:

అందరికీ నమస్కారం. మా అమ్మాయి బీటెక్ సివిల్ మూడో సంవత్సరం. వాళ్ళ కాలేజీకి జర్మనీలో ఒక యూనివర్సిటీతో ఒప్పందం ఉంది. వచ్చే అక్టోబరు నుంచి ఒక సెమిస్టర్ అక్కడ చదవడానికి సెలెక్ట్ అయింది. ట్యూషన్ ఫీజు లేదు గానీ టికెట్టు, ఇన్సూరెన్సు, ఉండటం, తినడం అంతా మాదే. అప్పు చేయకుండా ఎలాగోలా సర్దగలను.

మా బావమరిది మాత్రం వద్దంటున్నాడు. "ఎలాగూ ఎమ్మెస్‌కి పోతుంది కదా, ఈ ఐదారు నెలలకి అంత డబ్బెందుకు బావా, పైగా ప్లేస్‌మెంట్ల టైము" అంటాడు. ఆ మాటలోనూ న్యాయం ఉంది. అమ్మాయి మాత్రం వెళ్తానని పట్టుబట్టి కూర్చుంది. "ఎక్స్‌పోజర్ వస్తుంది" అని చాలామంది చెప్పారు. ఆ మాట నాకు సరిపోవడం లేదు. వెళ్ళొచ్చి పదేళ్ళు దాటినవాళ్ళు ఎవరైనా ఉంటే, ఆ కొద్ది నెలలు మీ జీవితంలో ఇవాళ ఎక్కడ కనిపిస్తున్నాయో చెప్పండి.

పాయకాపురం_అమ్మాయి:

అన్నగారూ, నాదీ సివిలే. 2011 అక్టోబరు నుంచి 2012 మార్చి దాకా డ్రెస్డెన్‌లో ఎక్స్ఛేంజ్ స్టూడెంట్‌గా ఉన్నాను. ఇప్పుడు విజయవాడలో వాననీటి కాలువలు, ముంపు మ్యాపుల పని చేసే చిన్న కన్సల్టెన్సీలో ఉన్నాను. ఎక్కడ కనిపిస్తున్నాయని అడిగారు. నేను చేసే పనిలోనే కనిపిస్తున్నాయి. కాస్త వివరంగా చెబుతాను, ఓపిగ్గా చదవండి.

వెళ్ళేటప్పుడు నా మనసంతా స్ట్రక్చర్స్ మీదే ఉండేది. క్రెడిట్ల లెక్క కోసం హైడ్రాలజీ కోర్సు ఒకటి తీసుకున్నాను. డ్రెస్డెన్ ఎల్బే నది ఒడ్డున ఉంటుంది. 2002 ఆగస్టులో ఎల్బేకి భారీ వరద వచ్చి ఊళ్ళో నీటిమట్టం 9.40 మీటర్లకు చేరింది. కానీ అంతకంటే ముందే ఊరి పెద్ద రైల్వే స్టేషన్‌లోకి నీళ్ళు దూసుకొచ్చాయి. అవి ఎల్బే నీళ్ళు కావు. వైసెరిట్స్ అనే చిన్న ఏటివి. పట్టణం పెరుగుతోంది, రైలు మార్గాలకు చోటు కావాలని 19వ శతాబ్దం చివర్లో ఆ ఏటిని పక్కకు మళ్లించారు. వందేళ్ళకు పైగా అది కొత్త దారిలోనే పారింది. 2002లో పైనున్న కొండల్లో జిన్‌వాల్డ్ అనే చోట ఒక్క రోజులో 312 మిల్లీమీటర్ల వాన పడింది. అప్పుడు ఆ ఏరు మళ్లించిన దారి వదిలేసి పాత దారి పట్టింది. ఆ దారిలో ఇళ్ళు, రోడ్లు, పట్టాలు వచ్చేసి ఉన్నాయి.

విజయవాడ వాళ్ళెవరైనా ఇది చదివితే వెంటనే మా ఊరి ఏరు బుడమేరు పేరే చెబుతారు. నేను పుట్టి పెరిగింది పాయకాపురంలో. 2005లో మా ఇంటి మెట్ల దాకా బుడమేరు నీళ్ళు వచ్చాయి. నీళ్ళు తీశాక మా వీధి మళ్ళీ ఎప్పటిలాగే అయిపోయింది. వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ ఉంది, అక్కడి నుంచి మళ్లింపు కాలువలో నీళ్ళు ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుస్తాయి, బుడమేరు అసలు దారి మాత్రం ఊరి మీదుగా కొల్లేరుకి. ఇదేదీ మా సిలబస్‌లో లేదు.

డ్రెస్డెన్‌లో ఆ కోర్సుకి రాత పరీక్ష పెట్టలేదు, ఓరల్ పెట్టారు. ప్రొఫెసర్, ఆయన అసిస్టెంటు, నేను. ముందు ఒకటి రెండు లెక్కలు అడిగారు. తర్వాత ఆయన నా ముందు తెల్లకాగితం, పెన్సిలు పెట్టి, మీ ఊళ్ళో ఇలా మళ్లించిన ఏరు ఉంటే గీసి చూపించమన్నారు. గీశాను. పైన కొండలు, వెలగలేరు, కింద కృష్ణ, బ్యారేజీ, తూర్పున కొల్లేరు, మధ్యలో మా పేట. ఆయన కాగితాన్ని తన వైపు తిప్పుకుని చాలాసేపు చూశారు. మళ్లింపు కాలువ కృష్ణలో కలిసే చోట వేలు పెట్టి, "ఈ పెద్ద నది కూడా నిండుగా ఉన్న రోజున ఈ నీళ్ళు ఎటు పోతాయి?" అని అడిగారు. మా ఊరి గురించి ఇంజనీరింగ్ ప్రశ్న నన్ను ఎవరైనా అడగడం అదే మొదటిసారి. తిరిగొచ్చాక ఎంటెక్‌లో స్ట్రక్చర్స్ సీటు వదిలి వాటర్ రిసోర్సెస్ తీసుకున్నాను. ఇంట్లో పెద్ద గొడవే అయింది.

2024 సెప్టెంబరు 1, 2 తేదీల్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ వరద పెరుగుతూ 11 లక్షల క్యూసెక్కులు దాటింది. అదే సమయంలో బుడమేరు మళ్లింపు కాలువ కట్టకు గండ్లు పడ్డాయి. సింగ్ నగర్, పాయకాపురం రోజుల తరబడి నీళ్ళలోనే ఉన్నాయి. మా అమ్మావాళ్ళు రెండో అంతస్తులో ఉండబట్టి బతికిపోయారు. నీళ్ళు తీశాక నేను, మా ఆఫీసు పిల్లలు వీధి వీధీ తిరిగి గోడల మీద బురద చార ఎంత ఎత్తున ఉందో కొలిచి రాసుకున్నాం. రంగులు వేసేస్తే ఆ చారలు ఇంకెక్కడా దొరకవని నాకు ముందే తెలుసు. అది తెలిసింది కూడా అక్కడే.

అదెలాగో చెబుతాను. హాస్టల్ ఫ్లాట్‌లో నా పక్కగది అమ్మాయిది పిర్నా అనే ఊరు. డ్రెస్డెన్‌కి ఎగువన, నది ఒడ్డునే ఉంటుంది. క్రిస్మస్‌కి నన్ను వాళ్ళింటికి తీసుకెళ్ళింది. వాళ్ళమ్మమ్మ మమ్మల్ని కింద సెల్లార్‌లోకి తీసుకెళ్ళి, 2002లో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో చూపించింది. కరెంటు మీటరు, బాయిలరు అన్నీ పై అంతస్తుకి మార్పించుకుంది. పై అరలు తప్ప మిగతావన్నీ ఖాళీ. ఆ ఊళ్ళో గోడల మీద 1845 వరద గీత, 2002 గీత ఒకే చోట కనిపిస్తాయి. స్కూలుకెళ్ళే పిల్లలు రోజూ వాటి పక్కనుంచే నడుస్తారు. ఆవిడకి ఇంగ్లీషు రాదు, నాకు జర్మన్ అంతంతమాత్రం. ఆవిడ తన నడుము మీద చెయ్యి పెట్టి, తర్వాత మెడ మీద పెట్టి, నీళ్ళు ఏ గంటకి ఎంత పెరిగాయో చూపించిన తీరు ఇంకా నా కళ్ళ ముందే ఉంది.

పోయిన ఏడాది మా అపార్ట్‌మెంట్ గేటు గోడ మీద 2024 నీటిమట్టం గీత పెయింటుతో వేయిద్దామని అసోసియేషన్ మీటింగులో అడిగాను. ఫ్లాట్ల రేట్లు పడిపోతాయని సగం మంది ఒప్పుకోలేదు. గోడ లోపలివైపు అయితే సరే అన్నారు. లోపలివైపే వేయించాను. బయటివైపు గీత కోసం ఇంకా అడుగుతూనే ఉన్నాను. పిల్లలకి కనిపించాల్సింది అక్కడే.

ఇంకొక్క రోజు గురించి చెప్పాలి. 1945 ఫిబ్రవరి 13 రాత్రి డ్రెస్డెన్ మీద బాంబులు పడ్డాయి. ఏటా అదే రోజు ఊరి జనం చేతులు పట్టుకుని మానవహారం కడతారు. ఆ దుఃఖాన్ని నియో నాజీలు తమ ఊరేగింపులకు వాడుకోకుండా అడ్డుకోవడం కూడా దాని ఉద్దేశం. 2012లో నేనూ నిలబడ్డాను. ఆ నెలలో యూరప్ అంతా వణికించే చలి. ఒక పక్క నా పిర్నా ఫ్రెండు, ఇంకో పక్క ఎవరో పెద్దాయన. రాత్రి 9.45కి ఊళ్ళో చర్చిల గంటలన్నీ మోగాయి. "మా ఊరు కాలిపోయింది, నిజమే. కానీ యుద్ధం మొదలుపెట్టింది మా దేశమే. రెండూ చెప్పాలి" అంది నా ఫ్రెండు. వాళ్ళమ్మమ్మ ఎదురుగానే అదే మాట అనగలిగే పిల్ల అది. మా ఊరి ముంపు గురించి మాట్లాడేటప్పుడు అధికారులు ఏం చేయలేదో చెప్పి ఆపేయకుండా, కాలువ గట్టు ఆక్రమించి ఇళ్ళు కట్టింది మనమే అని కూడా అనే ధైర్యం నాకు అక్కడి నుంచే వచ్చింది. అలా అన్నందుకు మాటలు కూడా పడ్డాను.

ఇదంతా ఎమ్మెస్‌కి వెళ్ళినా దొరుకుతుందిగా అంటారేమో. నాకు తెలిసినంతలో చాలామందికి దొరకదు. ఎమ్మెస్‌కి వెళ్ళేవాళ్ళ మీద లోను ఉంటుంది, పార్ట్‌టైం, ఉద్యోగం, వీసా టెన్షన్ ఉంటాయి. తలెత్తి ఊరిని చూసే తీరిక ఉండదు. ఎక్స్ఛేంజ్ పిల్లలకి ఆ తీరిక ఉంటుంది. పైగా తిరిగి రావాలని ముందే తెలుసు కాబట్టి, చూసిన ప్రతిదాన్నీ మన ఊరితో పోల్చుకుంటారు. నా లెక్కలో దాని అసలు విలువ అదే. ఉద్యోగం కోసమే అయితే మాత్రం పంపకండి. మీ బావమరిదిగారి మాటే కరెక్టు అవుతుంది.

క్రెడిట్ల_మాస్టారు:

నేను ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఎక్స్ఛేంజ్ ఫైళ్ళు చూస్తాను. పై చెల్లెమ్మ చెప్పింది చదివి సంతోషం కలిగింది. కాగితాల సంగతి నేను చెబుతాను, ఎందుకంటే ఇంటికొచ్చాక ఏడిపించేవి అవే.

జర్మనీలో శీతాకాలం సెమిస్టర్ క్లాసులు అక్టోబరు మధ్యలో మొదలై ఫిబ్రవరి మొదట్లో ముగుస్తాయి, పరీక్షలు ఆ తర్వాత. మన ఏడో సెమిస్టర్ జులైలోనే మొదలవుతుంది. కాబట్టి అక్కడి ఏ కోర్సు ఇక్కడి ఏ సబ్జెక్టుకి సమానమో వెళ్ళకముందే రాయించి, హెచ్‌ఓడీ సంతకం, పరీక్షల విభాగం సంతకం రెండూ తీసుకోండి. నోటిమాట మీద పోవద్దు. అక్కడ మార్కులు తలకిందులు: 1.0 అంటే టాప్, 4.0 అంటే పాస్, 5.0 అంటే ఫెయిల్. దాన్ని మీ కాలేజీ ఏ లెక్కలో మారుస్తుందో కూడా రాతలో ఉండాలి. ప్లేస్‌మెంట్లకి ఇప్పుడు చాలా కంపెనీలు టెస్టు, ఇంటర్వ్యూ ఆన్‌లైన్‌లోనే పెడుతున్నాయి. శీతాకాలంలో మనకీ వాళ్ళకీ తేడా నాలుగున్నర గంటలే. కాలేజీ ముందే ఒప్పుకుంటే ఇబ్బంది లేదు.

వీసాకి డబ్బు చూపించాలి. 2024 సెప్టెంబరు నుంచి ఆ లెక్క నెలకు 992 యూరోలు. స్లాటు దొరకడానికి టైం పడుతుంది, ఆలస్యం చేయకండి.

యూరప్‌లో 1987లో మొదలైన ఎరాస్మస్ ఎక్స్ఛేంజ్ మీద 2014లో పెద్ద అధ్యయనం వచ్చింది. వెళ్ళొచ్చినవాళ్ళలో చదువైన ఐదేళ్ళకి నిరుద్యోగం 23 శాతం తక్కువని, నాలుగో వంతు కంటే ఎక్కువ మందికి జీవిత భాగస్వామి అక్కడే పరిచయమయ్యారని అందులో తేలింది. అయితే చొరవ ఉన్న పిల్లలే అలా బయల్దేరతారు కాబట్టి, ఘనతంతా ఎక్స్ఛేంజ్‌దే అని నేను అనను.

నెబ్రాస్కా_తమ్ముడు:

అంకుల్, నేను వెళ్ళింది స్కూల్లో ఉండగా. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత అమెరికా ప్రభుత్వం పెట్టిన వైఈఎస్ అనే ఎక్స్ఛేంజ్‌లో ఒక ఏడాది నెబ్రాస్కాలో చిన్న ఊళ్ళో ఉన్నాను. ఖర్చంతా వాళ్ళదే. ఉంచుకునే కుటుంబానికి మాత్రం పైసా ఇవ్వరు, వాళ్ళు ఇష్టంతోనే ఉంచుకుంటారు. ముక్కూ మొహం తెలియని నన్ను ఏడాదంతా కొడుకులా చూసిన మనుషుల్ని తలుచుకుంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. రంజాన్ నెలలో ఆ ఇంటి అమ్మ తెల్లవారుజామున అలారం పెట్టుకుని లేచి, నాకు గుడ్లు వేయించి పెట్టి మళ్ళీ పడుకునేది.

అక్కడ సేవా కార్యక్రమాల్లో భాగంగా వృద్ధాశ్రమానికి వెళ్ళేవాళ్ళం. వాకర్ పట్టుకుని నడవడం నేర్పే ఫిజియోథెరపిస్టుని మొదటిసారి అక్కడే చూశాను. ఇప్పుడు హైదరాబాద్‌లో నేను చేస్తున్నది అదే పని.

అసలు కష్టం ఇంటికి తిరిగొచ్చాక ఉంటుంది. ఇంటర్‌లో ఒక ఏడాది వెనకబడ్డాను, పాత ఫ్రెండ్సంతా పై క్లాసులో. ఏం చెప్పినా "అమెరికా కబుర్లు" అనేవాళ్ళు. చాలా నెలలు ఎవరితోనూ మాట్లాడాలనిపించలేదు. మీ అమ్మాయి వచ్చాక అలా ఉంటే కంగారు పడకండి. అదే కథ పదిసార్లు చెప్పినా వినండి. మా నాన్న అలాగే విన్నారు.

ఖమ్మం_నాన్న:

అందరికీ చాలా థాంక్స్. అమ్మాయికి చదివి వినిపించాను, మా బావమరిదికీ పంపాను. బుడమేరు మాట చదివి మా అమ్మాయి మా ఊరి ఏరు మున్నేరు సంగతి ఎత్తింది. అదే 2024 సెప్టెంబరు 1న మా ఖమ్మంలో కాలనీలు కాలనీలు మునిగాయి. పంపుదామనే అనుకుంటున్నాం. చెల్లెమ్మా, ఒక్కటే అడుగుతాను. అక్కడ తెలుగు పిల్లలు నలుగురు కలిసి ఒక ఫ్లాట్ తీసుకుంటున్నారట, అందులో చేరమంటున్నారు. వంటకి, తోడుకి బాగుంటుందని వాళ్ళమ్మ ఆశ. ఏమంటావు?

పాయకాపురం_అమ్మాయి:

వదినగారి భయం నాకు అర్థమవుతుంది అన్నగారూ, మా అమ్మా అదే అంది. అయినా వద్దంటాను. ఆ నలుగురూ ఊళ్ళోనే ఉంటారు. ఆదివారం కలిసి వండుకోవచ్చు, జ్వరమొస్తే పలకరిస్తారు. ఆ తోడు ఎటూ పోదు. గది మాత్రం స్టూడెంట్ హాస్టల్లో, జర్మన్ పిల్లలున్న ఫ్లాట్‌లో అడగమనండి. ఒకరి గది వారిదే, వంటిల్లు అందరిదీ. పిర్నా అమ్మమ్మ ఇంటి తలుపు నాకు ఆ వంటింట్లోంచే తెరుచుకుంది. హాస్టళ్ళకి అప్లికేషన్ చాలాచోట్ల యూనివర్సిటీ చేసిపెట్టదు, వేరుగా పెట్టాలి, క్యూ పెద్దది. అడ్మిషన్ లెటర్ కోసం ఆగకుండా ఇప్పుడే పెట్టించండి.

అలాగే వెళ్ళేముందు ఒకసారి మున్నేరు గట్టు మీద నడిపించండి. ఏ కాలనీలో నీళ్ళు ఎంతెత్తు వచ్చాయో అక్కడివాళ్ళని అడిగి రాసుకోమనండి. ఆ కాగితం తనతో తీసుకెళ్ళాలి. అక్కడ నదుల మీద ఏ కోర్సు తీసుకున్నా మొదటి వారం నుంచే అడగడానికి తన దగ్గర ప్రశ్నలుంటాయి. కోర్సుల లిస్టు వచ్చాక నాకు మెసేజ్ పెట్టమనండి, కూర్చుని చూద్దాం.