హెచ్61 బోర్డుల ఐ5-3470 వేయాలంటే బయాస్ అప్‌డేట్ ఎట్ల? మధ్యల కరెంట్ పోతే?

హన్మకొండ_డెస్క్‌టాప్

గిగాబైట్ హెచ్61ఎం-డీఎస్2 బోర్డు, పెంటియం జీ630 ప్రాసెసర్, 4 జీబీ డీడీఆర్3 ఒక్కటే స్టిక్, విండోస్ 10. సెకండ్ హ్యాండ్‌ల ఐ5-3470 ప్రాసెసర్ తీసుకున్న. అది పెడితే ఫ్యాన్ తిరుగుతది గని డిస్‌ప్లే వస్తలేదు. పెంటియం మళ్ల పెడితే మంచిగనే ఆన్ అయితున్నది. బయాస్ (ఆన్ చేయంగనే ముందుగాల నడిచే, బోర్డు చిప్‌ల ఉండే ప్రోగ్రామ్) తేదీ 2011 అని చూపెడుతున్నది.

విండోస్ల నుంచే సాఫ్ట్‌వేర్‌తోని అప్‌డేట్ చేయొచ్చా, పెన్‌డ్రైవే కావాల్నా? ఇంకో భయం ఏందంటే, సాయంత్రం గాలిదుమారం లేస్తే ఇక్కడ కరెంట్ పోతది. యూపీఎస్ లేదు, ఇంటి ఇన్వర్టర్ ఉన్నది. మధ్యల ఆగితే బోర్డు పోయినట్టేనా?

పాతబోర్డు_కరీంనగర్

ప్రాసెసర్ పాడయిందని మాత్రం అనుకోకు. జీ630 శాండీ బ్రిడ్జ్ అనే తరంది, ఐ5-3470 2012ల వచ్చిన ఐవీ బ్రిడ్జ్, దాని తర్వాతి తరం. సాకెట్ రెండింటికీ 1155యే, అందుకే సక్కగ కూసుంటది. కానీ 2011 నాటి బయాస్‌ల ఐవీ బ్రిడ్జ్‌కు కావాల్సిన మైక్రోకోడ్ (ఆ ప్రాసెసర్‌ను నడిపించే కోడ్) ఉండదు. ఒక్క బయాస్‌తోనే పని కాదు, 6 సిరీస్ చిప్‌సెట్ల మీద ఇంటెల్ ఎంఈ ఫర్మ్‌వేర్ (చిప్‌సెట్ లోపల నడిచే ఇంకో ప్రోగ్రామ్) గూడ వెర్షన్ 7 నుంచి 8కి మారాలె. కొన్ని బోర్డులకు అది బయాస్ ఫైల్‌లనే కలిసి వస్తది, కొన్నింటికి విడిగ ఇస్తరు. డౌన్‌లోడ్ పేజీల ఆ వెర్షన్ ఎదురుంగ రాసింది మొత్తం చదువు. 22 నానోమీటర్ (అంటే ఐవీ బ్రిడ్జ్) ప్రాసెసర్ సపోర్ట్ అని ఉన్న వెర్షన్ కావాలె. ఫలానా వెర్షన్ వేసినంక వెనక్కి పోలేరని రాసి ఉంటే అదీ మనసుల పెట్టుకో.

అప్‌డేట్ పెంటియం పెట్టుకునే చేయాలె. అయినంకనే ఐ5 పెట్టు.

ఇగ అసలు తప్పు జరిగేది ఫైల్ కాడ. ఇదే పేరుతోని ఒకటి కంటే ఎక్కువ రివిజన్లు వచ్చినయ్, ఒకదాని ఫైల్ ఇంకోదానికి పనికిరాదు. సైడ్ డోర్ తీసి బోర్డు మూలకు టార్చ్ కొట్టు, ‘రెవ్’ అని పక్కన నంబర్ అచ్చేసి ఉంటది. సీపీయూ-జెడ్ అనే ప్రోగ్రామ్ల మెయిన్‌బోర్డ్ ట్యాబ్ మోడల్ చూపెడుతది గని రివిజన్‌కు బోర్డు మీద అచ్చునే నమ్ము. డౌన్‌లోడ్ చేసింది విప్పితే సాధారణంగ మూడు ఫైళ్లు వస్తయి: ఒకటి బ్యాచ్ ఫైల్, ఒకటి ఫ్లాష్ చేసే (చిప్‌లకు రాసే) ప్రోగ్రామ్, ఇంకోటి పేరు చివర్ల ‘ఎఫ్’, దాని పక్కన అంకె ఉన్నది. పెన్‌డ్రైవ్‌లకు ఆ ఎఫ్ ఫైల్ ఒక్కటే, ఫోల్డర్ల పెట్టకుండ.

విండోస్ సాఫ్ట్‌వేర్ జోలికి పోకు. వెనకాల యాంటీవైరస్, విండోస్ అప్‌డేట్, ఏ డ్రైవర్ హ్యాంగ్ అయినా అది చిప్ సగం రాసిన టైంల జరగొచ్చు. పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32ల ఫార్మాట్ చేసి, వెనక వైపు నల్ల యూఎస్‌బీ 2.0 పోర్టుకు పెట్టు. హెచ్61 చిప్‌సెట్‌కు సొంత యూఎస్‌బీ 3.0 లేదు. నీలం పోర్టు ఉంటే అది వేరే చిప్ మీద నడుస్తది, పాత బయాస్‌కు అది కనబడకపోవచ్చు.

ఆన్ చేయంగనే ‘ఎండ్’ కీ నొక్కితే క్యూ-ఫ్లాష్ (బయాస్‌లనే ఉండే అప్‌డేట్ టూల్) వస్తది. ముందుగాల ఇప్పుడున్న బయాస్‌ను అదే పెన్‌డ్రైవ్‌లకు సేవ్ చేసుకో. ‘కీప్ డీఎంఐ డేటా’ కనబడితే ఎనేబుల్ చేయి. ఆ తర్వాత డ్రైవ్ నుంచి అప్‌డేట్. రెండు మూడు నిమిషాల పని. అయినంక రెండు మూడు సార్లు దానంతట అదే రీస్టార్ట్ కావొచ్చు, స్క్రీన్ నల్లగ ఉండొచ్చు. ఐదు నిమిషాల దాకా పవర్ బటన్ ముట్టకు. బోర్డులు పోయేది ఈడనే, తొందరపాటుతోని.

ఓరుగల్లు_సర్క్యూట్

పైన చెప్పిన దాంట్లో కరెంటు సంగతి మిగిలింది. ఇన్వర్టర్ వెనక ‘యూపీఎస్ మోడ్’ స్విచ్ ఉంటుంది, చూడండి. మామూలు మోడ్‌లో మెయిన్స్ నుంచి బ్యాటరీకి మారడానికి కొన్ని పదుల మిల్లీసెకన్లు పడుతుంది. ఫ్యాన్‌కీ లైటుకీ అది తెలియదు. కంప్యూటర్ ఎస్‌ఎంపీఎస్ (లోపలి పవర్ సప్లై డబ్బా) పరిస్థితి వేరు. ఏటీఎక్స్ ప్రమాణం ప్రకారం ఇన్‌పుట్ పోయాక అది నిలబడాల్సింది 16 మిల్లీసెకన్లే, పదేళ్లు వాడిన దాంట్లో కెపాసిటర్లు ఎండిపోయి అంత కూడా నిలవకపోవచ్చు. యూపీఎస్ మోడ్‌లో మార్పిడి సుమారు 10 మిల్లీసెకన్లలో అయిపోతుంది.

కాగితం మీది లెక్కను నమ్మి మాత్రం మొదలుపెట్టకండి. కంప్యూటర్‌ను బయాస్ స్క్రీన్ దగ్గర ఉంచి, ఇన్వర్టర్ మెయిన్స్ ఆపి, మళ్లీ వేసి, ఇలా నాలుగైదు సార్లు చూడండి. ఒక్కసారి రీస్టార్ట్ అయినా ఆ ఇన్వర్టర్ మీద ఫ్లాష్ చేయొద్దు, తెలిసినవాళ్ల 600 వీఏ యూపీఎస్ ఒక పూటకు అడిగి తెచ్చుకోండి. గ్రాఫిక్స్ కార్డు లేని మీ మెషీన్‌కు అది ధారాళంగా సరిపోతుంది. దాన్నీ ఇలాగే పరీక్షించండి, లోపల 7 ఏహెచ్ బ్యాటరీ ముసలిదైతే కరెంటు పోయిన క్షణమే కుయ్యిమని ఆగిపోతుంది. ఎండాకాలంలో అయితే పొద్దున పూట, మబ్బు లేనప్పుడు చేయండి.

ర్యామ్ కూడా చూసుకోవాలి. బయాస్ ఫైల్ ముందు ర్యామ్‌లోకి ఎక్కి, అక్కడి నుంచే చిప్‌లోకి పోతుంది. ర్యామ్‌లో తేడా ఉంటే చెడిన ఫైలే రాసుకుంటుంది. స్టిక్ తీసి బంగారు రంగు కాళ్లను పెన్సిల్ రబ్బరుతో తుడిచి, పొట్టు దులిపి పెట్టండి. మెమ్‌టెస్ట్ (ర్యామ్‌ను పరీక్షించే ప్రోగ్రామ్) ఒక పాస్ తిప్పండి. సీపీయూ చుట్టూ కెపాసిటర్ల నెత్తి ఉబ్బి ఉంటే ఆ బోర్డు మీద ఈ పనే వద్దు.

బోర్డు మీద బిళ్లలా ఉండే సీఆర్2032 బ్యాటరీని మల్టీమీటర్‌తో చూడండి, 2.8 వోల్టుల కంటే తగ్గితే మార్చండి.

మానేరు_టెక్

అప్‌డేట్ మంచిగనే అయినా తర్వాత మందిని ఏడిపించేది సాటా మోడ్ (బోర్డు హార్డ్ డిస్క్‌తోని మాట్లాడే పద్ధతి, ఐడీఈ లేదా ఏహెచ్‌సీఐ). కొత్త బయాస్ వేసినంక సెట్టింగులన్నీ మొదటికి వస్తయి, ఈ కాలం బోర్డుల్ల డిఫాల్ట్ ఐడీఈ ఉండొచ్చు. నీ విండోస్ ఏహెచ్‌సీఐల ఎక్కించింది అయితే నీలం స్క్రీన్, ‘ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్’. హార్డ్ డిస్క్ పోయిందని ఫార్మాట్ కొట్టిన వాళ్లున్నరు! ముందే బయాస్ పేజీలన్నీ ఫోన్‌ల ఫోటో తీసుకో, తర్వాత అట్లనే పెట్టుకో.

ఐ5-3470 77 వాట్లు, నీ పెంటియం 65. కూలర్ అదే వాడితే పాత పేస్ట్ గీకి కొత్తది పెట్టు. ఇదంతా విండోస్ 11 కోసం చేస్తుంటే మాత్రం దండుగ, దానికి పనికొచ్చే ప్రాసెసర్ల లిస్టుల ఇంటెల్‌వి దాదాపు 8వ తరం నుంచే ఉన్నయి.

ఓరుగల్లు_సర్క్యూట్

‘మధ్యలో ఆగితే’ అన్నదానికి: బోర్డు పోయినట్టు కాదు. గిగాబైట్ బోర్డు మీద ‘ఎం_బయాస్’, ‘బి_బయాస్’ అని రెండు ఎనిమిది కాళ్ల చిప్పులు ఉన్నాయేమో చూడండి. ఉంటే మొదటిది చెడినప్పుడు రెండోది లేచి దాన్ని తిరగరాసే అవకాశం ఉంది, కొన్ని నిమిషాలు అలాగే వదిలేయాలి.

అది లేవకపోతే సీహెచ్341ఏ ప్రోగ్రామర్ (ఇంకో కంప్యూటర్ నుంచి చిప్‌లోకి నేరుగా రాసే పరికరం), ఎనిమిది కాళ్ల క్లిప్ కావాలి. నల్లగా చవకగా దొరికే ప్రోగ్రామర్లలో ఒక లోపం ఉంది, చిప్‌కు పవర్ 3.3 వోల్టులే ఇచ్చినా డేటా లైన్ల మీద 5 వోల్టులు వదులుతాయి. మల్టీమీటర్‌తో కొలిచాకే తగిలించండి. కరెంటు వైరు, బ్యాటరీ రెండూ తీసేయాలి. క్లిప్ ఎర్ర వైరు చిప్ మీద చుక్క ఉన్న కాలి వైపు రావాలి. మొదట చిప్‌ను రెండుసార్లు చదివి, ఆ రెండు ఫైళ్లూ అక్షరం తేడా లేకుండా ఒకటేనా అని పోల్చాలి. తేడా వస్తే క్లిప్ సరిగ్గా పట్టలేదన్నట్టే, అప్పుడు రాయొద్దు. ఆ పాత కాపీని దాచుకోండి, సీరియల్ నంబర్ లాంటివి అందులోనే ఉంటాయి. ఇదంతా తలనొప్పి అనుకుంటే చిప్-లెవల్ పని చేసే ల్యాప్‌టాప్ షాపులో చేస్తారు, ఫైల్ మాత్రం రివిజన్ చూసి మీరే తీసుకెళ్లండి.

హన్మకొండ_డెస్క్‌టాప్

ఇన్వర్టర్ యూపీఎస్ మోడ్ల పెట్టి ఐదు సార్లు చూసిన, ఆగలేదు. రివిజన్ ఫైలే దింపిన. గని క్యూ-ఫ్లాష్‌ల పెన్‌డ్రైవే కనబడ్తలేదు. 64 జీబీది, ఫార్మాట్‌ల ఫ్యాట్32 అనే ఆప్షన్ వస్తలేదు, ఎక్స్‌ఫ్యాట్ చేసిన.

పాతబోర్డు_కరీంనగర్

అదే కారణం, పాత క్యూ-ఫ్లాష్ ఎక్స్‌ఫ్యాట్ చదవదు. 32 జీబీ దాటితే విండోస్ 10 ఫార్మాట్ విండోల ఫ్యాట్32 చూపెట్టదు. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, అది పెన్‌డ్రైవేనా అని సైజు చూసుకొని, దాంట్ల ఉన్న వాల్యూమ్ డిలీట్ చేయి. 4,096 ఎంబీల కొత్త పార్టిషన్ చేసి ఫ్యాట్32 పెట్టు, మిగిలిన జాగ ఖాళీగనే ఉండనీ. ఎఫ్ ఫైల్ కాపీ చేసినంక సేఫ్‌గ ఎజెక్ట్ కొట్టే గుంజు.